జొన్నపిట్టల జమాఖర్చు



కార్తికమాసము ప్రవేశించి చలి నిలద్రొక్కుకొన్న పిమ్మట నల్లరేగడి సీమలోని ఏ పట్టణమునందైనను ప్రొద్దు గ్రుంకువేళ ఒక పెద్దచెట్టు క్రింద నిలిచి చూడుడు. అది పాత కచేరి ఆవరణములోని చింతచెట్టు కావచ్చును. సంతపేటలోని రావిచెట్టు కావచ్చును. బస్సులు నిలుచు చోట నీడకై నాటిన నిద్రగన్నేరు కావచ్చును. మొదట ఆకాశపుటంచున పొగవంటిది ఒకటి లేచును. దగ్గఱకు వచ్చినకొలది అది చుక్కలుగా విడివడును. మరల ముద్దయై, వల విసరినట్లు పఱచుకొని, చెట్టుచుట్టు రెండు మూడు మాఱులు తిరిగి, ఎవరో ఆనతి యిచ్చినట్లు ఒక్కుమ్మడిగా కొమ్మలలోనికి దిగును. దండు వెనుక దండు వచ్చును. చీకటి పడునప్పటికి ఆ చెట్టున ఆకులెన్నియో పక్షులెన్నియో చెప్ప నలవి కాదు. అప్పుడు పుట్టు కలకలము సంతనాటి గోలను మించును. క్రింద పండ్లబండివాడు బండిమీద గోనెపట్టా కప్పుకొనును. సైకిలు నిలిపిపోయినవాడు తిరిగివచ్చి, తిట్టుకొనుచు తుడుచుకొనును.

ఇవి యేమి పక్షులని అడిగినచో పెక్కుమంది ‘గోరువంకలు’ అందురు. ఆ మాట సగము నిజము. కులమొకటియే, ఇల్లు వేఱు. మన పెరటి గోరువంక ఇచ్చటనే పుట్టి ఇచ్చటనే గిట్టును. ఈ పక్షి పరిమాణమున దానికంటె కొంచెము చిన్నది. తల, మెడ, ఱెక్కలు, తోక నిగనిగలాడు నలుపు. వీపును పొట్టయు లేత గులాబివన్నె. తలపై వెనుకకు వ్రాలిన చిన్న కుచ్చు. చలికాలపు తొలినాళ్ళలో ఆ గులాబి మసకబాఱి మాసిన బట్టవలె నుండును. వీనితో కలసి తిరుగు మట్టిరంగు పక్షులను చూచి మఱియొక జాతి యనుకొనువారు కలరు. అవి ఆ యేటి పిల్లలు.

మదరాసు రాజధానిలోని ఆంగ్లేయులు దీనిని ‘చోళం పక్షి’ యనియు, దక్కనులోని వారు ‘జొవారి పక్షి’ యనియు పిలిచిరి. అరవమున చోళమన్నను, హిందుస్థానీలో జొవారి యన్నను జొన్నయే. మదరాసు సైన్యములో వైద్యుడై, కొంతకాలము నెల్లూరిలో పనిచేసిన జెర్డను అను పండితుడు 1862–64 నడుమ వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథమున తెనుగువారు దీనిని ‘పలిస’ యందురని వ్రాసెను. ఇప్పటి పుస్తకములలో గులాబి గోరువంక యని కానవచ్చును. పేరు ఏదైనను పల్లెలో దానిని గుర్తుపట్టునది జొన్నచేనినిబట్టియే గాన, ఈ ప్రసంగమునకు జొన్నపిట్ట యనుట చాలును.

ఇది ఎచ్చటనుండి వచ్చును? దూరదేశపు పక్షి యనగానే జనులు ‘సైబీరియా’ యందురు. ఈ మాటను కొంచెము సవరింపవలసియున్నది. శ్రీకాకుళపు సీమలోని తేలినీలాపురమునందు, సూళ్ళూరుపేట చెంత నేలపట్టునందు, గుంటూరు దగ్గఱి ఉప్పలపాటియందు, హిందూపురము ప్రాంతపు వీరాపురమునందు ఏటేట చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులను, రంగుఱెక్కల పెద్దకొంగలను చూచి ‘సైబీరియా నుండి వచ్చినవి’ అని చెప్పుకొనుట వాడుక. పత్రికలును అట్లే వ్రాయుచుండును. ఆ గ్రామస్థులు ఆ పక్షులను పురిటికి వచ్చిన ఆడుబిడ్డలవలె కాపాడుట ఎంతయు శ్లాఘనీయము. ఐనను అవి సైబీరియావి కావు. ఈ దేశపు పక్షులే. నీరును చేపలును సమృద్ధిగా దొరకు కాలమున నలుదెసల చెఱువులనుండి అచ్చట కూడును. పిల్లలు ఎగురనేర్చిన పిదప మరల చెదరిపోవును.

దీనికి ఒక సులభమైన గుర్తు కలదు. పక్షి యెచ్చట గూడుకట్టునో అదియే దాని పుట్టినిల్లు. ఉత్తరపు చలికి తాళలేక వచ్చు పక్షి ఇచ్చట తినును, నిద్రించును, ఒడలు పెంచుకొనును. గూడు మాత్రము కట్టదు. తొలిచూలు కోడలు పురిటికి పుట్టినింటికే పోవునట్లు, సమయము రాగానే అది ఉత్తరమునకు పోవలసినదే. జొన్నపిట్ట ఏడాదిలో ఎక్కువ భాగము మన దేశమున గడపియు ఇచ్చట ఒక్క గ్రుడ్డును పెట్టదు. అదియే నిజమైన ఉత్తరదేశపు పక్షి. కాని చూడబోవువారు గూడబాతులకై బండ్లు కట్టుకొని పోవుదురు. తమ వీథిలోని చెట్టుపై వ్రాలినదానిని మాత్రము తలయెత్తి చూడరు.

మన పూర్వులు ఈ రాకపోకలను గమనింపలేదనుట సరికాదు. వానకాలము రాగానే హంసలు మానససరస్సునకు పోవుననుట ప్రసిద్ధమైన కవిసమయము. కాళిదాసు మేఘసందేశమున హిమవంతమునందలి క్రౌంచరంధ్రమును హంసలు పోవు ద్వారముగా చెప్పినాడు. తోక నాడించుచు ఇంటిముంగిట పరుగులిడు చిన్నపిట్టను సంస్కృతమున ఖంజనమందురు. వానలు వెనుకబట్టిన పిమ్మట దాని తొలిచూపు ఏ దిక్కున, ఏ చోట కలిగిన ఏమి ఫలమో చెప్పుటకు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఒక అధ్యాయమునే కేటాయించెను. శకునములను నమ్మువారు నమ్ముదురు, మానువారు మానుదురు. శరత్తున ఆ పక్షి క్రొత్తగా కానవచ్చుననెడి సంగతి మాత్రము పచ్చినిజము. ఆముక్తమాల్యదలో రాయలవారు వరిమళ్ళ కాలువలలో తల ఱెక్కల నడుమ దాచుకొని నిద్రించు బాతులను, వానిని చూచి విడిచిపోయిన తడిబట్టలని భ్రమపడు తలారులను ఒక్క పద్యమున చిత్రించినారు. ఇవన్నియు నీటిపట్టుల పక్షులు, ముంగిటి పక్షులు. జొన్నపిట్ట కీర్తి యందువా, అది కావ్యములలోకంటె మంచెల మీది కేకలలోనే ఎక్కువగా వినవచ్చును.

దాని పుట్టినింటిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. నల్లసముద్రపు తీరభూములనుండి కజకస్థానము, కిర్గిజుల దేశము మీదుగా చీనాలోని షిన్‌జియాంగ్ వఱకు విశాలమైన గడ్డిమైదానములు వ్యాపించియున్నవి. చెట్లు అరుదు. మే, జూను మాసములలో అచ్చటి రాళ్ళగుట్టల సందులలో, కొండపగుళ్ళలో, కూలిన గోడల బొక్కలలో ఈ పక్షులు వేలకొలది జంటలుగా ఒక్కచోట చేరి గూళ్ళు కట్టును. గూటికి 3 మొదలు 6 వఱకు లేతనీలపు గ్రుడ్లు. పొదుగుటకు సుమారు 15 దినములు, పిల్లలు గూడు విడుచుటకు మఱి 24 దినములు. పని అంతయు రెండు నెలలలో ముగియును. ఇంత తొందఱ యేల యనగా, అదే దినములలో ఆ గడ్డినేలపై మిడుతలు పుట్టి పెరుగును. తల్లిదండ్రులు పిల్లలను మేపునది ఆ మిడుతలతోనే. అందుచే ఈ పక్షికి స్థిరమైన ఊరులేదు. మిడుత ఎచ్చట పుట్టిన అచ్చటనే దాని పురుడు. నిరుడు వేల గూళ్ళున్న గుట్టపై ఈయేడు ఒక్కటియు ఉండకపోవచ్చును. నిరుడెన్నడును చూడని చోట ఈయేడు ఆకాశమును కప్పవచ్చును. 1875వ సంవత్సరమున ఇటలీలోని విల్లాఫ్రాంకా అను ఊరిలో అట్లే జరిగినది. మిడుతలను వెంబడించి వేలకొలదిగా వచ్చి, అచ్చటి పాతకోట గోడలను ఆక్రమించుకొని, సంసారము నడపి, పిల్లలతో వెడలిపోయినవి.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ప్లినీ యను రోమక పండితుడు మిడుతలు పైరును పాడుచేయునప్పుడు ఆసియాలోని ఒక కొండప్రాంతపు ప్రజలు ప్రార్థింపగా వచ్చి వానిని తినిపోవు పక్షులను గూర్చి వ్రాసెను. అవి యెచ్చటనుండి వచ్చునో యెచ్చటికి పోవునో ఎవరికిని తెలియదని కూడ అతడు చెప్పెను. ఆ పక్షులు ఇవియేనని పెక్కుమంది విద్వాంసుల ఊహ. ‘యెచ్చటికి పోవునో’ అన్న ఆతని సందేహమునకు మన దక్కను రైతు నాడే బదులు చెప్పియుండెడివాడు. అడిగిన వాడు లేడు.

గూళ్ళు ముగియగానే జూలై మాసముననే ప్రయాణము మొదలు. ఐరోపాలో పుట్టు తక్కిన వలసపక్షులు పెక్కులు దక్షిణమున ఆఫ్రికాకు పోవును. ఇది మాత్రము తూర్పునకు తిరిగి, ఎడారులను కొండలను దాటి, వాయవ్యపు వాకిట మన దేశమున ప్రవేశించును. పగటివేళ గుంపులు గుంపులుగా ప్రయాణము చేయును. మొదటి దండులు జూలై, ఆగస్టులలోనే ఉత్తరాదిని చేరును. తరువాత పంటల వెంబడి దక్షిణమునకు దిగి, సింహళము వఱకు పోవును. ఏప్రిలు దాటునప్పటికి తిరిగి వెడలిపోవును. దేశమంతయు లెక్కకు తీసికొన్నచో ఏడాదిలో మూడు నెలలు మాత్రమే ఈ జాతి మన గడ్డపై కానరాదు. ఇట్టిదానిని అతిథి యనవలెనో, పురిటికి మాత్రము పుట్టినింటికి పోవు ఇంటిమనిషి యనవలెనో చెప్పుట కష్టము.

ఇక జొన్నచేను. ఇచ్చటనే తగవు మొదలగును.

జొన్న పాలకంకి దశ దాటి గింజ గట్టిపడు దినములలో, తెల్లవాఱగానే పట్టణపు చెట్లనుండి లేచిన దండు చేలపై పడును. పెరటి గోరువంక ఒకటి రెండు గింజలు తిని పోవును. దీని రాక అట్లు కాదు. వందలు వేలు ఒక్కమాఱు వ్రాలును. కంకికొకటి చొప్పున పట్టుకొని వ్రేలాడును. తిన్నది కొంత, రాల్చినది కొంత. ఒక మూల కేకవేసినచో మఱియొక మూలకు పోవును. అందులకే పూర్వము జొన్నపంట యనగానే మంచె, మంచెయనగానే ఒడిసెల, ఒడిసెల వెంట కేకలు, పాటలు. ముసలివాండ్రును పిల్లలును కోడికూసినది మొదలు బారెడు ప్రొద్దెక్కువఱకు, మరల సాయంత్రము, కంకుల మీద కాపుండెడివారు. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువులలో పలనాటి జొన్నకూటిపై విసుగు వినబడును గాని, ఆ జొన్న కూడుగా మాఱుటకు ముందు ఎందఱి గొంతులు బొంగురుపోయెనో ఏ చాటువులోను లేదు.

పూర్వము ఊరెల్ల జొన్న వేసెడివారు. ఇప్పుడట్లు కాదు. 1960 తరువాతి దశాబ్దములలో తెలుగుసీమలో జొన్నసాగు క్రమముగా తగ్గి, ఆ నేలలను పత్తి, వేరుసెనగ, మొక్కజొన్న, సెనగ ఆక్రమించినవి. వరియన్నము చౌక దుకాణమున దొరకుట, పత్తికి రొక్కము వచ్చుట, కోతకు కాపుకు కూలిజనము దొరకకుండుట — కారణములు పెక్కులు. పక్షులు మాత్రము తగ్గినంత భూమికి తగినట్లు తమ రాకను తగ్గించుకొనలేదు. లెక్క చూడుడు. వేయి పక్షులు నూఱు ఎకరముల జొన్నపై వ్రాలినచో ఎకరమునకు పది. ఆ వేయియే పది ఎకరములపై వ్రాలినచో ఎకరమునకు నూఱు. పది పక్షుల తిండిని చేను భరించును. నూఱింటిని భరింపదు.

పత్తిచేల నడుమ తిండికై ఒకటిన్నర ఎకరము జొన్న వేసిన రైతును ఊహించుకొనుడు. త్రోవన పోవు వరుసకు అల్లుడైనవాడు పరిహాసమాడును.

‘ఏం మామా, ఈ పిట్టలకు నీ చేను తప్ప ఇంకోటి కనపడలేదా?’

‘ఊరంతా పత్తి వేస్తిరి కదరా అల్లుడూ! పత్తికాయ తింటాయా అవి? నా ఒక్కడి గాదె మీదనే ఊరి పిట్టలన్నిటి భారమూ పడె.’

‘అయితే నువ్వూ పత్తే వేయరాదా?’

‘వచ్చే ఏడు అదే గతి. మీ అత్త రొట్టె అడిగితే అంగట్లో పిండి కొంటా.’

ఇట్లు ఒకరి తరువాత ఒకరు మానుకొందురు. మిగిలిన చేనుపై భారము ఇంకను పెరుగును. పక్షి జొన్నను నాశనము చేసినదనుటకంటె, తఱిగిపోవుచున్న జొన్నను పక్షి తొందఱగా తఱిమినదనుట సమంజసము. ఏమైనను ఆ మామ నష్టము నష్టమే. అడంగలులో సర్వే నంబరు కలదు, విస్తీర్ణము కలదు, పైరు పేరు కలదు. పిట్ట తిన్న కంకికి మాత్రము గడి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి ఈ పక్షులను చంపుటయు వలపెట్టి పట్టుటయు నేరము. ఆ చట్టము మంచిదే. ఐనను చంపరాదని చెప్పిన చేతితో ఆ రైతునకు ఏమి యిచ్చుచున్నారను ప్రశ్న న్యాయమైన ప్రశ్నయే. పక్షిప్రియులు ఈ ప్రశ్నను విననట్లు నటించుట తగదు.

అటుపిమ్మట జమ వైపు చూడవలెను. జమాఖర్చు వ్రాయువాడు ఒక్క వైపు చూచి కట్టివేసిన చిట్టా చెల్లదు.

ఈ పక్షి ఇచ్చట గింజలు మాత్రమే తినదు. కోతలు ముగిసిన పొలములలో, పసుల మందల వెంట, గడ్డిలో మిడుతలను, గొంగళిపురుగులను ఏఱుకొని తినును. మఱ్ఱిపండ్లు, రావిపండ్లు తిని విత్తనములను దూరమునకు చేర్చును. కచేరి గోడపై మొలచిన రావిమొక్కకు బాధ్యులెవరో దీనినిబట్టి ఊహింపవచ్చును. మాఘ ఫాల్గుణములలో బూరుగు, మోదుగు, బాడిదె పూచును. ఆకులేని కొమ్మలపై ఎఱ్ఱని పూవులు, ఆ పూవులలో తలలు దూర్చి తేనె త్రాగు నల్లని తలలు. త్రాగిన పక్షి నుదుట పుప్పొడి అంటుకొని మఱియొక పూవునకు చేరును. తుమ్మెద చేయు పనిని ఇచ్చట పక్షి చేయును. పక్షిశాస్త్రవేత్త సాలీం ఆలీ 1932లో పువ్వులకును పక్షులకును గల ఈ సంబంధమును గూర్చియే ప్రత్యేకముగా ఒక వ్యాసము ప్రకటించెను. ఆయన 1931–32లో నిజాము రాజ్యమందలి పక్షుల పరిశీలనకై ఈ దక్కను నేలలలో తిరిగినవాడు.

ఐనను నిజము చెప్పవలసివచ్చినచో జమలోని పెద్దపద్దు మన చిట్టాలో లేదు. అది ఉత్తరమున ఉన్నది. మిడుతలను తినిన మేలు కజకస్థానపు గడ్డికి, షిన్‌జియాంగ్ గొఱ్ఱెలకాపరికి దక్కినది. షిన్‌జియాంగ్ వారు ఆ మేలును గుర్తించి 1980 తరువాతి యేండ్లలో మైదానములందు రాళ్ళగుట్టలు పేర్చి, ఈ పక్షులు గూళ్ళు కట్టుకొనుటకు వసతి కల్పించిరి. విషపు మందులు చల్లుటకంటె అది మేలని వారి అనుభవము. 2018వ సంవత్సరమున అచ్చటి నీల్కా ప్రాంతమున రహదారి వేయుచుండగా, తవ్వి పోసిన బండరాళ్ళ నడుమ ఈ పక్షులు గూళ్ళు కట్టినవి. పిల్లలు ఎగిరిపోవువఱకు అచ్చటి పనిని నిలిపివేసిరి. యంత్రములు నిలిచిన ఆ దినములకు అయిన వ్యయము ఒక పద్దు. మన సీమలో ఒకటిన్నర ఎకరపు కంకులు ఇంకొక పద్దు. రెండును ఒక్క పక్షి పేరనే. జమ ఆ దేశపు చిట్టాలో, ఖర్చు ఈ దేశపు అడంగలులో పడుటచే రెంటిని కలిపి చూచినవారు లేక, అచ్చట అది దేవత, ఇచ్చట దొంగ. ఆసియా మైనరులో ఒక్క దేశముననే ఈ రెండు పేర్లు దీనికి ఉండెడివని పాత గ్రంథములు చెప్పుచున్నవి. మే మాసమున మిడుతలను తినునప్పుడు పవిత్రమైనది. జూలైలో ద్రాక్షతోటలపై పడినప్పుడు సైతాను పక్షి.

మిడుత మనకు సంబంధించినది కాదనుకొనుట కూడ పొరపాటు. 2019, 2020 సంవత్సరములలో రాజస్థానము, గుజరాతు పైరులను మిడుతలు మ్రింగివేసినవి. 2020 వేసవిలో అవి మహారాష్ట్రము వఱకు రాగా గోదావరి కావలి జిల్లాల రైతులు ఆకాశమువంక చూచుచు గడపిరి. అది ఎడారిమిడుత, ఉత్తరపు గడ్డిమిడుత వేఱు జాతి. జొన్నపిట్ట ఆ దండును ఆపివేయునని చెప్పుటకు వీలులేదు. అంతటి దండును ఏ పక్షియు ఆపజాలదు. దండుగా మాఱకముందు, గడ్డిలో చిల్లరగా ఉన్న నాడు ఏఱి తినుటయే పక్షి చేయగల పని.

రైతు ఏమి చేయవలెను? తోలుటకు ఏ చట్టమును అడ్డము రాదు. తళతళలాడు రిబ్బనులు కట్టుట, డబ్బాలు మ్రోగించుట, కాపుండుట ఉన్నవే. పక్షి తెలివిగలది, ఏ బెదురైనను కొన్నాళ్ళకు పాతబడును. అంతకంటె మేలైనది పూర్వుల పద్ధతి. జొన్న వేయదలచినవారు ఒక్కచోట, ఒక్క గట్టున ఆనుకొని, ఒక్క కార్తెలో విత్తవలెను. ముందుగా పండిన చేనును, అందఱి వెనుక పండిన చేనును పక్షుల పాలగును. నడుమ కలసి పండినవానిలో నష్టము పంచుకొనబడి పలుచనగును. నలుగురు కలసి ఒక మంచె వేసికొన్నచో కాపును చౌక. ఇది క్రొత్త శాస్త్రము కాదు. గట్టు తగవులు లేని నలుగురు దొరకుటయే కష్టము.

పట్టణమున చేయవలసినది ఇంకను స్వల్పము. ఈ పక్షులు చేలలో మేసినను రాత్రికి ఊరిచెట్లనే ఆశ్రయించుటకు కారణము కలదు. ఊరిలో మనుష్యసంచారముచేత శత్రువుల భయము తక్కువ. పెద్దచెట్ల గుబురులు చలిగాలిని ఆపును. వేలమంది ఒక్కచోట నిద్రించుటచే ప్రమాదము వచ్చినచో ఎవరో ఒకరికి ముందుగా తెలియును. అట్టి చెట్లు త్రోవలను వెడల్పు చేయు పనులలో తగ్గిపోవుచున్నవి. హైదరాబాదునుండి బిజాపురమునకు పోవు త్రోవలో చేవెళ్ళ దగ్గఱి మఱ్ఱిచెట్లకై పౌరులు హరిత న్యాయాధికరణము వఱకు పోయిరి. అన్ని ఊళ్ళలోను అట్టి పౌరులుండరు. ఒక ఊరిలో రెట్టల బాధకు తాళలేక కొమ్మలు నఱికించుదురు; పక్షులు ప్రక్కవీథి చెట్టునకు పోవును; అచ్చటివారు ఆ చెట్టును నఱికింతురు. పండ్లబండిని పది గజములు జరుపుట కంటె చెట్టును నఱకుట సులభమని తోచుట ఒక విచిత్రము. రాత్రి వేళ టపాకాయలు కాల్చి చెదరగొట్టువారు కూడ కలరు. చలిరాత్రి నిద్రచెడి ఎగిరిన పక్షి తీగెలకు గోడలకు కొట్టుకొని పడును.

మాఘము వెడలినది మొదలు వీని రూపు మాఱును. గులాబివన్నె దినదినము ప్రకాశించును. ఇది క్రొత్త ఈకలు వచ్చుటచే కాదు. చలికాలపు ఈకల చివరలనున్న మట్టిరంగు అంచులు ఎండకు గాలికి అరిగిపోయి, లోపలి గులాబి బయటపడును. పయనపు చీర కట్టుకొన్నట్లుండునది నిజమునకు అరిగిన పాతచీరయే. అప్పటికి జొన్నకోతలు ముగిసియుండును. మోదుగుపూలు రాలును. పిల్లలు పరీక్షలకు చదువు దినములలో సాయంకాలపు దండులు మఱింత పెద్దవియగును. దక్షిణమున ఉన్నవి కూడ ఉత్తరముగా జరుగుచు ఈ చెట్లలో రాత్రి దిగిపోవుటయే అందులకు కారణము.

ఉగాది దాటిన కొన్నాళ్ళకు ఒక సాయంకాలము పండ్లబండివాడు అలవాటుగా పట్టా విప్పి పట్టుకొని నిలుచును. ఆకాశము ఖాళీగా నుండును. రెండు కాకులు, ఊరి గోరువంకలు నాలుగు వచ్చి కొమ్మలలో చేరును. ఆతడు కొంతసేపు చూచి, పట్టా మడిచి బండి క్రింద పెట్టుకొనును. చెట్టు క్రింది రాతిబల్లపై రెట్టల తెలుపు మాత్రము తొలకరి వాన పడువఱకు అట్లే యుండును.